పేరుకున్న తేనె

మా అంగళ్ల వీధిలో తేనె కొనడానికి వచ్చినవాళ్లను ఇప్పటికీ హెచ్చరిస్తుంటారు. చలికి పేరుకున్న తేనె తీసుకోవద్దంటారు. అది చక్కెర కలిపిన తేనె అంటారు. యుద్ధం రోజుల్లో ఒక యానాది అలా కలిపి తెచ్చి ఒక అంగట్లో పట్టుబడ్డాడని, అప్పటినుంచి ఈ వీధిలో కొండవాళ్ల దగ్గర ఎవరూ నేరుగా తేనె కొనరని కూడా చెబుతారు.

ఆ అంగడి మా మామది. అతన్ని పట్టించింది నేను. ఆ తేనెలో చక్కెర లేదు. కల్తీ తేనె ఆ రోజు ఆ అంగట్లోనే, అతను నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో, మూతపెట్టిన జాడీలో ఉంది. దాన్ని కలిపింది కూడా నేనే.

అప్పటికి నాకు ముప్పై ఐదేళ్లు. తెలియనితనం అని చెప్పుకోవడానికి వీల్లేదు. నోటిమాట ఊరు తిరిగి వచ్చేసరికి వేరే మాట అవుతుంది కనుక, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

మాది పూజసామాన్లు, మూలికలు అమ్మే అంగడి. నేను ఇల్లరికం వచ్చిన అల్లుణ్ని. మామ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నేను తూకం చూసేవాణ్ని. అంగడికి మూడు రాతిమెట్లు. తేనె తెచ్చే యానాది ఆయన మూడో మెట్టు దాకా వచ్చి, అక్కడ డబ్బా దించి, అక్కడే కూర్చునేవాడు. లోపలికి రమ్మని మేము ఎప్పుడూ అనలేదు, ఆయనా రాలేదు. మేము ఆయన్ని కొండాయన అనేవాళ్లం. ఏర్పేడు దాటి లోపలికి పోతే వచ్చే కొండల కింద ఆయన గుడిసె. ఎండాకాలంలో కొండచరియలకు వేలాడే పెద్దపట్లు కోసి, కిరసనాయిలు డబ్బాలో తేనె పట్టుకుని, శుక్రవారం పొద్దున్నే మా మెట్లెక్కేవాడు.

మామ ఆయన తేనెను ప్రతిసారీ పరీక్షించేవాడు. గాజుగ్లాసు నీళ్లలో ఒక చుక్క వేస్తే అది దారంలా సాగి అడుక్కి పోవాలి. అరచేతిలో సున్నంతో కలిపి రుద్దితే వేడి పుట్టాలి. చివరికి ఒక ఈగను పట్టి తేనెలో ముంచి వదిలేవాడు. అది రెక్కలు విదిలించుకుని ఎగిరిపోతేనే సరుకు మంచిదని లెక్క.

"మీ అంగట్లో తేనె కన్నా ఈగలే ఎక్కువ కర్సయితాయి సామీ," అనేవాడు కొండాయన మెట్టుమీద కూర్చుని నవ్వుతూ.

"నమ్మకం ఈగమీద ఉండాది. నీమీద లేదు," అనేవాడు మామ. ఆయనా నవ్వుతూనే అనేవాడు. ఏళ్ల తరబడి ఆ మాటలు అలాగే నడిచాయి, ఆ ఈగలు అలాగే ఎగిరిపోయాయి.

యుద్ధం వచ్చి చక్కెరకు కార్డులు పెట్టాక తేనెకు గిరాకీ పెరిగింది. మందుల అనుపానానికి, అభిషేకానికి మాత్రమే కొనేవాళ్లు పోయి, పిల్లలకు తీపికోసం కొనేవాళ్లు కూడా వచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే కొండమీద పూత సరిగా రాలేదు. ఎండాకాలంలో కొండాయన తెచ్చింది మామూలుగా తెచ్చేదాంట్లో సగం కూడా లేదు.

"కార్తీకంలో కోస్తారు కదప్పా, ఆ తేనె ఏం జేస్తారు మీరు?" అని మామ అడిగాడు.

"అది మా ఇంటికే సామీ. సలికాలానికి బిడ్లకు పెట్టుకుంటాం. మీకు ఎప్పుడూ తెచ్చింది లేదు."

"ఈసారి తీసుకోని రా."

ఈ సంభాషణ ఎందుకు రాస్తున్నానంటే, దీనిలోనే అంతా ఉంది. మా వీధిలో అప్పటివరకు అందరూ అమ్మింది ఎండాకాలం తేనె. వచ్చిన నెలా రెండు నెలల్లో అమ్ముడైపోయేది. కార్తీకం తేనె చలిలో ఎలా ఉంటుందో మా మామకు తెలియదు. పక్క అంగడివాళ్లకు తెలియదు. ముప్పై ఏళ్లు తేనె అమ్మినవాళ్లం, తేనె గురించి మాకు తెలిసింది రెండు నెలలదే.

కార్తీకంలో ఒక డబ్బా వచ్చింది. అది చాలదు. "ఈ ఏడు తేనె లేదని సెప్పేద్దాం అల్లుడూ. లేనిదాన్ని యాడనుంచి తెస్తాం?" అన్నాడు మామ. ఆయన ఆ మాటతో వదిలేసేవాడే. వదలనిది నేను. ఇంట్లో నాకు ఒక విలువ రావాలని, అల్లుడు వచ్చాక అంగడి నిలబడిందని నలుగురూ అనాలని నాకు కోరిక. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా కారణం అదే.

మా వీధి చివర మిఠాయి అంగడి ఆయన పాకంలో గూడూరు నిమ్మకాయ పిండడం చూశాను. ఎందుకని అడిగితే, "నిమ్మకాయ పిండకపోతే పాకం పలుకు కడతాదబ్బా. పిండినావంటే నెలైనా అట్లే జారతా ఉంటాది," అన్నాడు. చిత్తూరు బెల్లం తెచ్చి, పాకం పట్టి, నిమ్మరసం పిండి, వడగట్టి, కొండాయన డబ్బాలోని తేనె చాలావరకు తీసి అందులో కలిపి జాడీకి ఎత్తాను. రంగు కుదిరింది. ఈగను ముంచాను. ఎగిరిపోయింది. ఎండాకాలం తేనె కొంత మిగిలి ఉందని మామకు చెప్పాను. ఆయన నమ్మాడు.

జాడీలోది అందరికీ అమ్మాను. మా వీధిలో చిన్న గుడి ఒకటి ఉంది. దాని పూజారి అభిషేకానికి తేనె అడిగితే మాత్రం, జాడీలోది పోయడానికి నాకు చెయ్యి రాలేదు. దేవుడికి కదా అనుకున్నాను. ఆయనకు డబ్బాలో మిగిలిన అసలు తేనె పోశాను. ఆ వీధిలో ఆ కార్తీకంలో నిజమైన తేనె దక్కింది ఆయన ఒక్కడికే.

మార్గశిరం వచ్చింది. ఆ ఏడు చలి ఎక్కువ. ఒక ఉదయం పూజారి సీసా చేతపట్టుకుని వచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. లోపల తేనె అడుగునుంచి మెడదాకా తెల్లగా, పలుకులు పలుకులుగా పేరుకుని ఉంది. ఆయన సీసాను తలకిందులు చేశాడు. చుక్క కదల్లేదు.

"ఏమప్పా, దేవుడికి సక్కెర పోయిస్తావా నువ్వు?"

మామ ముఖం పాలిపోయింది. "అదేంది సామీ!"

"మా పక్కింటాయన నీ అంగట్లోనే కొన్యాడు. ఆయనది పోస్తే జారతా ఉండాది. నాదే ఇట్లెందుకయింది? నాకేమైనా ప్రత్యేకంగా కలిపినారా?"

మామ నావైపు తిరిగాడు. జాడీ నా వెనకే ఉంది. పేరుకున్నది ఎందుకు పేరుకుందో నాకు అప్పుడు తెలియదు. పేరుకోనిది ఎందుకు పేరుకోలేదో మాత్రం తెలుసు. అనుమానం జాడీమీదికి రాలేదన్న ఒక్క సంతోషంలో నోరు తెరిచాను.

"ఈయనకు పోసింది కొండాయన ఇప్పుడు తెచ్చిన డబ్బాలోది మామా. ఆయనే కలిపి ఉంటాడు."

ఇది మొదటి మాట. అప్పటికి సగం నిజంగానే అలా అనుకున్నాను.

శుక్రవారం కొండాయన వచ్చేసరికి వీధికంతా తెలిసిపోయింది. మామ సీసా తీసి ఆయన ముందు పెట్టాడు. కొండాయన దాన్ని చూసి, ఏదో పెద్ద విషయం ఉంటుందనుకుని వచ్చినవాడిలా తేలిగ్గా నవ్వాడు.

"సలికి పేరుకునింది సామీ. నెయ్యి పేరుకోదా? అట్లే. ఎండలో పెట్టు, జారతాది."

"ముప్పై ఏండ్లనుంచి అమ్ముతుండా. నాకు సెప్తావా నువ్వు?" అని మామ అరిచాడు.

ఎదురుగా తమలపాకులు అమ్మే ఆయన అక్కడినుంచే అందుకున్నాడు. "నీకు కూడా కార్డు ఇచ్చినారేమప్పా? సక్కెర బాగానే దొరికినట్లుండాదే!"

"సక్కెర మొకం సూసి రెండేండ్లాయ సామీ. నాకెవురిస్తారు?" అన్నాడు కొండాయన. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వడం మానేసి నన్ను చూశాడు. తర్వాత మామతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మీ అల్లుణ్ని నాతో పంపించు సామీ. ఆయన కండ్ల ముందర కోస్తా. ఆయన సేత్తోనే పిండుకోమను. ఆయనే డబ్బా మోసుకోని రానీ. పదైదు దినాలు మీ అంగట్లోనే పెట్టుకోండి. పేరుకునిందా, నా మాట నిజం. పేరుకోలేదా, ఇంగ నీ మెట్టెక్కను."

పూజారికి ఆ మాట నచ్చింది. మామ సరే అన్నాడు.

మర్నాడు ఏర్పేడులో రైలు దిగి కొండాయన వెంట నడిచాను. గుడిసె చేరేసరికి ఎండ ముదిరింది. ఆయన భార్య మోదుగాకులో ఒక ముద్ద తెచ్చి నా చేతికిచ్చింది. తెల్లగా, గట్టిగా, ఇసుకలా పలుకులున్న తేనె.

"తిను సామీ. సలికాలం మా బిడ్లకు ఇదే బెల్లం."

గుడిసె పక్కన పిల్లలు అలాంటి ముద్దలే కొరుక్కుంటూ తింటున్నారు. సొరకాయబుర్రలోంచి ఆమె దాన్ని పుల్లతో పెళ్లగించి తీస్తోంది. ఆ చుట్టుపక్కల పది క్రోసుల్లో కార్డు ఉన్న ఇల్లు లేదు. చక్కెర రావడానికి దారి లేదు. ముద్ద నా నోట్లో కరిగేలోపల నాకు అంతా తెలిసిపోయింది. ఇక్కడినుంచి నేను చేసిందేదీ తెలియక చేసింది కాదు.

కొండచరియ దగ్గరకు కొండాయనతోపాటు ఆయన బావమరిది కూడా వచ్చాడు. ఆయన భార్యకు తమ్ముడు. నార తాడు చుట్ట భుజాన వేసుకుని ముందు నడిచాడు. కాలం కాని కాలం కావడంవల్ల ఒకే పట్టు కనబడింది, కింద ఉన్న రాతి కడుపులో.

"ఇది కోసేది కాదు సామీ," అన్నాడు కొండాయన. "తేనెటీగలకని వదిలింది. ఇది ఉంటేనే మల్లా ఈగ వస్తాది. మా నాయన కాలంనుంచి సలికాలం పట్టు ముట్టింది లేదు. ఈరోజు ముడతా."

తాడు ఒక కొస కొండాయన ఒంటికి కట్టి, చరియ అంచున ఉన్న చెట్టుకు ఒక చుట్టు చుట్టి, రెండో కొస బావమరిది తన నడుముకు బిగించుకుని, మడమలు రాతికి ఆనించి కూర్చున్నాడు. కొండాయన పొగ వేయడానికి పచ్చాకుల కట్ట నడుముకు కట్టుకుని అంచు దిగబోతుంటే, ఊరకే నిలబడటం బాగాలేదని నేనూ తాడుమీద చెయ్యి వెయ్యబోయాను.

"వద్దు సామీ! వద్దు!" అని బావమరిది గట్టిగా అరిచాడు.

కొండాయన వెనక్కి తిరిగి చెప్పాడు. "బామ్మర్ది తప్ప ఎవురూ ముట్టగూడదు సామీ. తోడబుట్టినోడు కూడా ముట్టగూడదు. తోడబుట్టినోడికి కోపమొస్తే వదిలేస్తాడు. వీనికి కోపమొచ్చినా వదల్లేడు. వాళ్లక్క గుర్తొస్తాది."

"గుర్తొచ్చేదేముండాది? ఎనకాల కట్టె పట్టుకోని నిలబడుకోనే ఉంటాది," అన్నాడు బావమరిది. నాతో, "పోయినేడు ఒక కోడిపుంజు కాడ తన్నుకున్యాం సామీ. ఆర్నెల్లు మాటల్లేవు. ఇద్దరం మూతులు ముడుసుకోనే కొండెక్కేది, దిగేది. తాడు మాత్రం నేనే పట్టుకుంటి," అన్నాడు.

"ఇప్పుడైనా ఆ పుంజు నాదే," అంటూ కొండాయన అంచు దిగిపోయాడు.

పొగ లేచింది. ఈగల రొద మా తలలమీద తిరిగింది. తాడు బిగిసినప్పుడల్లా బావమరిది మెడనరాలు లేచేవి. ఒక మనిషి బరువంతా ఇంకొక మనిషి నడుమ్మీద అలా ఆని ఉండటం అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. నన్ను నమ్మి మామ పంపాడు, నన్ను నమ్మి కొండాయన తెచ్చాడు అన్నది అప్పుడు నాకు తట్టింది. తట్టి ఊరుకుంది.

పట్టు నా చేతికే ఇచ్చారు. తేనె ఉన్న తలభాగం నేనే కోసి, గుడ్డలో వేసి, నేనే పిండాను. డబ్బాకు మూత నేనే పెట్టాను. చేతులు కడుక్కోవడానికి వాగు దగ్గరకు పోయి వచ్చేలోపల బావమరిది మూత చుట్టూ మైనం మెత్తి ఉంచాడు.

డబ్బాను అంగట్లో అందరికీ కనబడేలా పెట్టాం. మామ దాన్ని రోజూ ఒకసారి చూసేవాడు, ముట్టేవాడు కాదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నాక నేను డబ్బా పెరట్లోకి తీసుకుపోయాను. మైనం గోకి మూత తీశాను. తేనె తెల్లగా పేరుకుని ఉంది.

అప్పుడు నాకు రెండు దారులు ఉన్నాయి. మూత పెట్టేసి ఊరుకుంటే చాలు, మూడు రోజుల్లో కొండాయన మాట నిలబడుతుంది. కాని అసలు తేనె పేరుకుంటుందని వీధికి తెలిస్తే, పేరుకోని జాడీ సంగతి ఆ పూటే అడుగుతారు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. గంగాళంలో వేణ్ణీళ్లు పోసి డబ్బా అందులో నిలిపి, కరిగేదాకా పుల్లతో తిప్పాను. మూతకు అంటుకున్న పాత మైనంలో ఒక నార పోగు కనబడింది. ఏదో చెత్త అనుకుని గోటితో తీసి పారేశాను. అంగట్లోని మైనం కరిగించి మళ్లీ మెత్తాను.

పదిహేనో రోజు మెట్ల కింద జనం చేరారు. పూజారి వచ్చాడు. కొండాయన, ఆయన బావమరిది వచ్చారు. మామ డబ్బా తీసి మూడో మెట్టుమీద పెట్టాడు. కొండాయన మూత తీయలేదు. దాని చుట్టూ వేలు పెట్టి తడిమాడు. రెండోసారి తడిమాడు.

"నార యాడ సామీ?"

"ఏం నార?" అన్నాడు మామ.

"మైనంలో మా తాడు పోగు పెట్టినాడు మా బామ్మర్ది. గుర్తుకు. ఈడ లే."

పెరట్లో పారేసిన పోగు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మామ మూత ఊడదీసి డబ్బా వంచాడు. తేనె సన్నని ధారగా మెట్టుమీదికి జారింది. తమలపాకుల ఆయన ఈల వేశాడు. కొండాయన వంగి, రాతిమీద పడిన తేనె వేలితో తీసి నాలుకమీద పెట్టుకున్నాడు.

"ఇది ఏణ్ణీళ్లలో కాగింది సామీ."

"అంటే మా అల్లుడు దొంగంటావా?" అని మామ లేచాడు. నావైపు తిరిగి అందరిముందూ అడిగాడు. "సెప్పు అల్లుడూ. ఈ డబ్బా తెరిసినావా?"

కొండాయన నన్ను చూడలేదు. డబ్బానే చూస్తున్నాడు. బావమరిది మాత్రం నన్నే చూస్తున్నాడు, తాడు పట్టుకున్న రోజు చరియ అంచును చూసినట్టు.

"లేదు మామా," అన్నాను.

"మైనంలో నార సూసినావా?"

"లేదు."

బావమరిది ఏదో అనబోతే కొండాయన భుజం పట్టి ఆపాడు. "మాటిచ్చినాను," అని ఒక్కటే మాట అని మెట్లు దిగాడు. జనం దారి ఇచ్చారు. వెనకనుంచి ఎవరో చక్కెర, చక్కెర అని అరిచారు.

ఆ తర్వాత మా వీధిలో ఆయన తేనె ఎవరూ కొనలేదు. అలిపిరి దగ్గర కొండెక్కే యాత్రికులకు సీసాల్లో పోసి అమ్మబోతే, అక్కడి అంగడివాళ్లు తరిమేశారట. బావ, బావమరిది ఇద్దరూ కాపురాలతో గూడూరు దగ్గర అభ్రకం గనుల్లో కూలికి పోయారని విన్నాను. వాళ్లు దూరం పోవడం నాకు తేలికనిపించింది. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ డబ్బాను మామ మూలకు పెట్టించాడు. పుష్యం ముగిసేలోగా అందులో తేనె మళ్లీ పేరుకుంది. ఎవరూ చూడకముందే దాన్ని అటక ఎక్కించాను.

యుద్ధం అయిపోయింది. తెల్లవాళ్లు పోయారు. చక్కెరకు కార్డులు మాత్రం మొన్నమొన్నటిదాకా ఉన్నాయి. తేనె వ్యాపారం మారింది. అడవి గుత్త పట్టినవాడు కొండవాళ్ల దగ్గర తనకు తోచిన ధరకు తీసుకుని మాకు అమ్ముతున్నాడు, దారిలో అది ఎన్ని చేతుల్లో కాగుతుందో ఎవరికీ తెలియదు. మరోపక్క ప్రభుత్వంవాళ్లు పల్లెల్లో చెక్కపెట్టెలు ఇచ్చి, తొర్రల్లో ఉండే తేనెటీగలను వాటిలో పెంచడం నేర్పుతున్నారు. పొగ లేదు, తాడు లేదు, పట్టును కొయ్యకుండానే తేనె తీస్తారు.

పోయిన మార్గశిరంలో అలాంటి పెట్టె పెట్టుకున్న ఒక రైతామె చంద్రగిరి వైపునుంచి రెండు సీసాలు తెచ్చింది. రెండూ పేరుకుని ఉన్నాయి. వీధిలో ఎవరూ తీసుకోలేదు. చివరికి మా మెట్లెక్కింది.

"పెట్టెలిచ్చినాయన సెప్పినాడన్నా, మంచి తేనె అయితేనే సలికి పేరుకుంటాదంట," అంది.

"మాకు సెప్పొద్దమ్మా," అన్నాడు మామ. ఆయనకు చూపు తగ్గింది కాని మాట తగ్గలేదు. "ఈ మోసం ఈ వీధిలో ఎప్పుడో తేలిపోయింది. ఇదో, మా అల్లుడే పట్టుకున్యాడు."

ఆమె నావైపు చూసింది. ఎవరో ఒకరు అవునో కాదో చెబుతారని చూసే చూపు అది. ఏమీ వినబడక సీసాలు కొంగులో చుట్టుకుని దిగిపోయింది. నేను అప్పుడు ఆడిన అబద్ధం ఇంకా పనిచేస్తోందని, నేను ఊరుకున్నంతకాలం పనిచేస్తూనే ఉంటుందని ఆ రోజు అర్థమైంది. అటకెక్కి డబ్బా దించి మామ ముందు పెట్టాను. మొదటినుంచి చెప్పాను. నిమ్మకాయ, జాడీ, వేణ్ణీళ్లు, నార.

మామ డబ్బాలో చెయ్యి పెట్టి ఆ గడ్డను తడిమాడు. "నలుగురిలో నిన్ను అడిగినాను కదప్పా," అన్నాడు. ఆ రోజు నా చేతి కాఫీ తాగలేదు.

మర్నాడే బయలుదేరాను. గూడూరులో రెండు రోజులు తిరిగితే, వాళ్లు గని వదిలి ఏర్పేడు కొండలకే తిరిగి వచ్చేశారని తెలిసింది. వెనక్కి వచ్చి ఆ గుడిసె ముందు నిలబడ్డాను. కొండాయన జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

అంతా విని, "నాకు తెలవంది ఏం సెప్పినావు సామీ?" అన్నాడు.

పక్కన కూర్చున్న బావమరిది కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే ఉన్నాయి. గనిలో రాయి పడిందట. "దీంతో తాడు పట్టుకునేదానికి కాదు," అన్నాడు. కొండాయనకు కొండ దిగే సత్తువ ఇంకా ఉంది. కింద పట్లు ఉన్నాయి. కాని ఆయన భార్యకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, ఇంకెవరూ ఆ తాడు ముట్టకూడదు. ఆయన కొండతేనె అక్కడితో అయిపోయింది. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. అడిగితే తాడు నేను పట్టుకుంటాననేవాణ్నే. నన్ను అడగరు.

"నేనేం చెయ్యాలో చెప్పు," అన్నాను.

"ఈడ సెప్పి ఏం లాభం? ఆ మెట్టు మీద సెప్పు. ఆడ కదా నువ్వు లేదన్నది."

"శుక్రవారం చెబుతాను. వస్తావా?"

"మెట్టెక్కనని మాటిచ్చినాను సామీ. నువ్వు సెప్పినాక సూస్తాం."

శుక్రవారం పొద్దున డబ్బాను మూడో మెట్టుమీద పెట్టి మూత తీసి నిలబడ్డాను. మామను చెయ్యి పట్టి తెచ్చి కూర్చోబెట్టాను. పూజారిని ఇంటికి పోయి పిలుచుకొచ్చాను. తమలపాకుల ఆయనను కేకేశాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. అప్పటి బెల్లం తేనె కొన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఒకాయన తిట్టాడు. తమలపాకుల ఆయన తలవంచుకుని ఆకులకు నీళ్లు చల్లుతూ ఉండిపోయాడు. పూజారి డబ్బాలోకి వంగి చూసి, "అయితే ఆ ఏడు దేవుడికి పోసింది మంచి తేనేనన్నమాట," అని, తల ఎత్తి, "మేమే కదా దాన్ని కాలవలో పారబోసింది," అన్నాడు.

కొండాయన జనం వెనక ఉన్నాడు. బావమరిది పక్కనే ఉన్నాడు. నేను చెప్పడం అయ్యాక కొండాయన ముందుకు వచ్చాడు. ఒక్కో మెట్టూ ఎక్కాడు. మూడో మెట్టుమీద డబ్బా పక్కన ఆగి, గోటితో కొంచెం గడ్డ పెకలించి నోట్లో వేసుకున్నాడు.

"లోపలికి రా అప్పా," అన్నాడు మామ.

"లేదు సామీ. ఎక్కగలనా లేదా అని వచ్చినాను. ఎక్కినాను," అని దిగి, బావమరిదితో కలిసి స్టేషను దారి పట్టాడు.

ఆ రైతామె ఊరు వెతుక్కుంటూ పోయి ఆమె రెండు సీసాలూ తెచ్చాను. ఒకటి పూజారి తీసుకున్నాడు. రెండోది ఆ డబ్బా పక్కనే, అంగడి ముందు పెట్టాను. మాకు గిరాకీ తగ్గింది. తగ్గనీ. వచ్చినవాళ్లు సీసా వంచి చూసి, ఇది పేరుకుందేమని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకూ మొదటినుంచి చెబుతున్నాను. వినే ఓపిక లేనివాళ్లకు కూడా చెబుతున్నాను.